ఎముకను కరగించు కణములు శత్రువులా?

గడచిన సంవత్సరము మా పాఠశాలయందు తొమ్మిదవ తరగతి చదువుచున్న యొక బాలుడు చింతచెట్టు మీదినుండి జారిపడి ముంజేతి యెముకను విరుగగొట్టుకొనెను. కట్టు విప్పిన పిమ్మట విరిగిన తావున రేగుపండంత బొడిపె యొకటి చేతికి తగులుచుండెను. "అయ్యవారూ, ఎముక సరిగా అతుకలేదేమో, నా బిడ్డ చేయి ఇట్లే యుండిపోవునేమో" అని వాని తల్లి నా యొద్దకు వచ్చి విచారపడెను. చూచిన వైద్యుడు తొందరపడవలదనియు, బొడిపె క్రమముగా తగ్గుననియు చెప్పియుండెను. అట్లే జరిగినది. ఈ సంవత్సరము ఆటల పోటీలనాటికి ఆ చేయి రెండవ చేతివలెనే నునుపుదేరినది. బాలుడు దానితోనే బంతి విసరి బహుమానము గెలుచుకొన్నాడు.

"ఆ బొడిపెను ఎవరు తీసివేసిరి?" అని నేను తరగతిలో అడిగితిని. ఎవ్వరును చెప్పలేకపోయిరి. అది వారి తప్పు కాదు, నాది. ఎముకలను గూర్చి నేను చెప్పిన పాఠమును వారు చక్కగా వల్లించి, పరీక్షలో ఇట్లు వ్రాయుచు వచ్చిరి: "ఎముకయందు రెండు విధములైన కణములు కలవు. ఆస్టియోబ్లాస్టులు ఎముకను కట్టును. ఆస్టియోక్లాస్టులు ఎముకను పాడుచేయును. మొదటివి మనకు మిత్రులు, రెండవవి శత్రువులు." ఇరువది సంవత్సరములుగా ఈ జవాబునకు నేను నిండు మార్కులు వేయుచు వచ్చితిని. ఆ మార్కులు తప్పుగా వేయబడినవని ఈ పత్రికాముఖమున ఒప్పుకొనుచున్నాను. కరగించు కణము కట్టు కణమునకు శత్రువు కాదు. దానిని పనికి పిలుచునదియు, పనిచోటును సిద్ధపరచునదియు అదియే. ఈ సంగతి తెలియకపోవుటచే పరీక్షలోనేగాక ఇంటిలోను నష్టము కలుగునని నేను అనుభవమువలన ఎరుగుదును. ఆ కథ కొంతసేపటికి చెప్పెదను.

ఎముక రాయివంటి జడవస్తువని పెక్కుమంది తలంతురు. పదునెనిమిదవ శతాబ్దమున లండను నగరమందలి జాన్ హంటర్ అను శస్త్రవైద్యుడు జంతువులకు మంజిష్ఠ కలిపిన మేత పెట్టి పరీక్షించెను. అట్టి మేత తిన్న దినములలో క్రొత్తగా ఏర్పడు ఎముక ఎఱ్ఱబారును. దీనినిబట్టి ఎముక ఒకచోట చేరుచు, మరియొకచోట తొలగుచు ఉండుననియు, ఆ రెండు పనులచేతనే అది తన రూపము చెడకుండ పెరుగుననియు ఆయన గ్రహించెను. తొలగించు పని చేయు పెద్ద కణములకు 1873లో కోలికర్ అను స్విట్జర్లాండు దేశపు శాస్త్రజ్ఞుడు 'ఎముకను విరుచునది' అను అర్థమువచ్చు పేరు పెట్టెను. ఆ పేరే వానికి అపకీర్తి తెచ్చినదని నా యభిప్రాయము. పేరు చెడ్డదైన పని కూడ చెడ్డదని అనుకొనుట లోకసహజము గదా.

పెద్దవారి శరీరమందలి ఎముకలో నూటికి పది పాళ్లకు దగ్గరగా ఏటేటను మార్పు చెందునని శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. అనగా మన తాతగారి తొడయెముక ఆయన పెండ్లినాటి తొడయెముక కాదు. నడచుటచేతను, బరువు మోయుటచేతను ఎముకలో సన్నని బీటలు పుట్టుచుండును. వానిని ఎప్పటికప్పుడు బాగుచేయకున్న ఎముక పెళుసెక్కి విరుగును. పాతగోడకు గచ్చు చేయు తాపీవాని పనిని మీరు చూచియున్నారు. వాడు మొదట ఉలితో పుచ్చిపోయిన గచ్చునంతయు రాలగొట్టును. ఊడుచున్న గచ్చు మీదనే క్రొత్త గచ్చు పూసినయెడల తొలకరి వాన పడునప్పటికి రెండును కలిసి ఊడిపడును. ఎముకలోని పని ఇట్టిదే.

ఆ పని జరుగు రీతి మిక్కిలి ఆశ్చర్యకరమైనది. కరగించు కణము రక్తకణముల వంశమున పుట్టినది. అనేక చిన్నకణములు ఒకటిగా కలిసిపోవుటచే ఏర్పడుటవలన దానియందు పెక్కు కేంద్రకములుండును. అది ఎముకపై అతుకుకొని, అంచులను గట్టిగా మూసికొని, తన క్రింద ఆమ్లమును వదలును. ఆమ్లము సున్నపు భాగమును కరగించును. కెథెప్సిన్-కె అను జీర్ణరసము మిగిలిన మాంసకృత్తుల నారను ఛేదించును. రెండు మూడు వారములలో వెండ్రుక మందమునకు మించని చిన్న గుంట ఏర్పడును. తరువాత ఆ కణము తొలగిపోగా కట్టు కణములు వచ్చి ఆ గుంటనే పూడ్చును. పూడ్చుటకు నాలుగైదు మాసములు పట్టును. త్రవ్వుట శీఘ్రము, కట్టుట ఆలస్యము. ఈ రెండు విధముల కణములును ఒక జట్టుగా పనిచేయునని 1960వ దశాబ్దమున అమెరికా దేశపు వైద్యుడు హెరాల్డ్ ఫ్రాస్ట్ స్పష్టముగా చూపెను.

ఇచ్చట బుద్ధిమంతుడైన విద్యార్థి యొక ప్రశ్న వేయవలయును. కట్టు కణములు మూలుగయందలి మూలకణములనుండి పుట్టును. ఆ మూలకణము లెక్కడనో దూరముగా నున్నవి. ఫలానా చోట గుంట త్రవ్వబడినదని వానికి ఎవరు చెప్పిరి? వచ్చి పూడ్చుమని ఎవరు పిలిచిరి?

ఈ ప్రశ్నకు మొదటి జవాబు ఎముకలోనే పాతిపెట్టబడియున్నది. కట్టు కణములు ఎముకను నిర్మించునప్పుడు దానిలో టీజీఎఫ్-బీటా అను పెరుగుదల పదార్థమును నిద్రించు స్థితిలో చేర్చి కప్పివేయును. అది సంవత్సరముల తరబడి అట్లే యుండును. కరగించు కణము ఆ చోటును త్రవ్వినప్పుడు అది వెలువడి మేల్కొనును. దాని జాడ పట్టుకొని మూలుగలోని మూలకణములు ఆ గుంటకు నడచివచ్చునని 2009లో నేచర్ మెడిసిన్ అను పత్రికయందు ప్రకటింపబడిన పరిశోధన చుంచెలుకలయందు చూపినది. ఎముకలో దాగియుండు ఐజీఎఫ్-1 అను మరియొక పదార్థము, వచ్చిన మూలకణములను కట్టు కణములుగా మారునట్లు చేయునని 2012లో అదే పత్రికయందు వెల్లడియైనది. తాత పాతిపెట్టిన లంకెబిందెలు మనుమడు త్రవ్వినప్పుడు బయటపడి, ఆ ధనముతోనే క్రొత్త యిల్లు కట్టబడినట్లున్నది ఈ యేర్పాటు. త్రవ్వువాడు లేనియెడల ఆ ధనము ఎవరికిని అందదు.

రెండవ జవాబు ఇంకను చిత్రమైనది. కరగించు కణము ఎముకలోని పదార్థములను విడుదల చేయుటయేగాక, తానును స్వయముగా కబురులు పంపును. అది స్రవించు కొన్ని పదార్థములు మూలకణములను రప్పించి, ఎముక కట్టు పనివైపు త్రిప్పునని 2008లో పరిశోధకులు ప్రకటించిరి. కరగించు కణములనుండి విడివడు మిక్కిలి సూక్ష్మమైన తిత్తులు కట్టు కణములకు తగిలి వానిని పనికి పురికొల్పునని 2018లో నేచర్ పత్రికయందు చూపబడెను. అదే కణము కట్టు పనిని కొంతకాలము ఆపుమని చెప్పు సెమాఫోరిన్-4డి అను పదార్థమును గూడ పుట్టించునని 2011లోనే తెలిసియుండెను. త్రవ్వుట ముగియకముందే పూడ్చుట మొదలైన పని చెడును గావున ఈ అదుపు కూడ అవసరమని నాకు తోచుచున్నది. ఇక కరగించు కణమును పుట్టించునది ఎవరు? కట్టు కణముల వంశమువారే! వారు పంపు ర్యాంక్-ఎల్ అను సంకేతము లేనిది కరగించు కణము ఏర్పడదని 1998లో కనుగొనబడెను. ఒకరినొకరు పిలుచుకొని పనిచేయు ఈ ఇరువురిని శత్రువులనుట ఎట్లు?

"అయ్యా, చుంచెలుకల సంగతి సరే, మనుష్యుల మాటేమి?" అని తల్లిదండ్రులు అడుగవచ్చును. మనుష్యులలో మూడు నిదర్శనములు చెప్పెదను.

మొదటిది చలువరాతి ఎముకల వ్యాధి. 1904లో హాంబర్గు నగరమున ఆల్బర్స్-షోన్‌బర్గ్ అను వైద్యుడు దీనిని వర్ణించెను. ఈ వ్యాధిగలవారిలో కరగించు పని సరిగా జరుగదు. ఎముకలు దట్టమై చిత్రపటములో తెల్లగా చలువరాతివలె కనబడును. అయినను సుద్దముక్కవలె విరుగును. పసిబిడ్డలలో ఈ వ్యాధి తీవ్రముగా వచ్చినప్పుడు మూలుగకు చోటు చాలక రక్తహీనత కలుగును. కరగించు కణములు రక్తవంశమువి గావున ఇతరుల మూలుగను ఎక్కించి ఇట్టి బిడ్డకు మేలు చేయవచ్చునని 1980లో తేలినది. మరియొక విశేషము. ఈ రోగులలో కొందరికి కరగించు కణములు కావలసినన్ని యుండియు కరగించు శక్తిమాత్రము లేకుండును. అట్టివారిలో కట్టు పని తగ్గదు. ఆ కణము తన పని చేయలేకపోయినను తోడివానిని పిలుచుట మానలేదన్నమాట.

రెండవది ఒక మందు కథ. పారాథైరాయిడు గ్రంథిరసమందలి యొక భాగమును దినమున కొకసారి సూదిద్వారా ఇచ్చినయెడల గుల్లబారిన ఎముక తిరిగి పెరుగును. 2002లో అమెరికాలో ఈ మందునకు అనుమతి లభించెను. కట్టించు మందునకు, కరగుటను ఆపు మందును జతచేసిన ఫలము రెట్టింపు కావలెనని ఎవరికైనను తోచును. 2003లో రెండు పరిశోధనలు ఇట్లు జతచేసి చూచినవి. ఫలము రెట్టింపగుటకు మారుగా కట్టించు మందు బలము తగ్గినది. త్రవ్వువానిని కట్టివేసిన కట్టువాని చేయికూడ మందగించినది.

మూడవది మన తెలుగు నేలకు చెందినది. త్రాగునీటిలో ఫ్లోరైడు మితిమీరుటచే ప్రజలు వెన్ను వంగక, కీళ్లు బిగిసి బాధపడుచుండిరని 1937లో నాటి నెల్లూరు జిల్లానుండి వైద్యులు ప్రకటించిరి. తరువాత నల్లగొండ జిల్లా గ్రామముల దుఃఖము లోకమునకంతకు తెలిసినదే. ఫ్లోరైడు కట్టు కణములను అదేపనిగా అదలించును. ఎముక పెరుగును, బరువెక్కును, కాని బాగుపడదు. ఈ గుణము చూచి, గుల్లబారిన ఎముకలకు ఇదే మందగునని తలంచి అమెరికాలో 202 మంది స్త్రీలపై నాలుగు సంవత్సరములు పరీక్షించిరి. 1990లో వెలువడిన ఫలితము విచిత్రముగా నుండెను. ఫ్లోరైడు పుచ్చుకొన్నవారి నడుమునందలి వెన్నుపూసల సాంద్రత నూటికి 35 పాళ్లు పెరిగెను. అయినను వెన్నుపూసలు విరుగుట చెప్పుకొనదగినంతగా తగ్గలేదు, ఇతరములైన ఎముకలు విరుగుట హెచ్చెను. ఎముక ఎక్కువగా నుండుట వేరు, గట్టిగా నుండుట వేరు అని దీనివలన మనము నేర్చుకొనవలయును.

అట్లయిన కరగించు కణము ఎన్నడును కీడు చేయదా? చేయును. నేను దానికి వకాల్తా పుచ్చుకొనలేదు. ముట్లుడిగిన స్త్రీలలో త్రవ్వుట హెచ్చి, పూడ్చుట దానితో సమానముగా నడువలేక ఎముకలు గుల్లబారును. కీళ్లవాపు రోగమునందును, ఎముకకు ప్రాకిన పుట్టకురుపునందును అది అదుపు తప్పును. అట్టి సమయమున దానిని నిగ్రహించు మందులు అనేకులను తుంటి విరిగి మంచమెక్కకుండ కాపాడుచున్నవి. వానిని వైద్యుడు వ్రాసినయెడల తప్పక పుచ్చుకొనవలయును. నేను కాదనునది మందును కాదు; "శత్రువు చచ్చినాడు, ఇక భయము లేదు" అను మన భావమును మాత్రమే.

ఆ భావమే మా యింట కీడు తెచ్చినది. మా తల్లిగారికి డెబ్బది యేండ్లు దాటిన పిమ్మట మణికట్టు విరిగెను. వైద్యుడు పరీక్షించి, ఆరు మాసముల కొకసారి వేయవలసిన సూదిమందు వ్రాసెను. పైన జెప్పిన ర్యాంక్-ఎల్ సంకేతమును పట్టివేసి, కరగించు కణములు పుట్టకుండ చేయు మందు అది. మూడేండ్లు వేయించితిని. ఎముక పరీక్షలో అంకెలు మెరుగుపడెను. అంతట నేను, కణశాస్త్రము బోధించు నేనే, శత్రువును గెలిచితిమని తలంచి, ఖర్చు మిగులునని సంతోషించి, ఎవరిని అడుగకుండ మానిపించితిని. అడుగకుండ మానవలదని వైద్యుడు కాగితముపై వ్రాసియే యుండెను, నేను చదువలేదు. చివరి సూది వేసిన పదునాలుగవ మాసమున మా తల్లిగారు నీళ్లబిందె ఎత్తబోయి "అమ్మా" అని కూలబడిరి. రెండు వెన్నుపూసలు అణగిపోయినవని చిత్రపటములో కనబడెను. నేడామె నా భుజమువరకైన నిలువుగా నిలువలేరు. ఆమె నన్ను ఒక్క మాటయు అనలేదు. అందుచేతనే నేను ఇది వ్రాయుచున్నాను.

జరిగినదేమనగా, ఆ మందు కరగించు కణముల పనిని ఆపియుంచునుగాని వాని మూలమును తుడిచివేయదు. మందు బలము తీరగానే ఆగియున్న పని ఒక్కుమ్మడిగా చెలరేగును; పూడ్చువారు అంత త్వరగా అందుకొనలేరు. ఇట్టి సందర్భమున ఒకటికంటె ఎక్కువ వెన్నుపూసలు విరుగవచ్చునని వైద్యులు హెచ్చరించుచున్నారు. కావున ఈ సూదిని గడువు దాటనీయరాదు. మానవలసివచ్చిన, దానికి బదులు వేరొక మందును వైద్యుడు నిర్ణయించిన పిమ్మటనే మానవలయును. ఇది మీ యింటిలోని అమ్మమ్మలకును, నాయనమ్మలకును సంబంధించిన మాట. బాలబాలికలారా, నేడే ఇంటికి పోయి వారి మందుల చీటీని చదివి పెట్టుడు. నేను చేయని పని మీరు చేయుడు.

ఇక నా తోడి ఉపాధ్యాయులకు ఒక మనవి. 'కట్టునది, పాడుచేయునది' అని రెండు వరుసలు గీసి బోధించుట సులభమే. పరీక్షకు అనువుగా నుండుననుటయు నిజమే. చిన్న తరగతులకు ఇంత వివరము వలదని మీరు అనవచ్చును. వివరము వలదు సరే, అబద్ధము మాత్రము ఏల? "కరగించు కణము పాత ఎముకను తీసివేసి, క్రొత్తది కట్టుటకు మూలకణములను పిలుచును" అని ఒక్క వాక్యము చెప్పిన చాలును. ఆరవ తరగతి పిల్లవానికైన ఇది అర్థమగును. ఈ వాక్యము నేర్చినవాడు పెద్దవాడై తల్లికి మందు మానిపించునప్పుడు ఒక్క క్షణమైన ఆగి ఆలోచించును.

తల్లిదండ్రులకును ఒక మాట. ఎముక బలమునకు మూలధనము బాల్యయౌవనములలోనే చేరును. ఇరువది యేండ్లు దాటి ముప్పదిలోపల అది తన పూర్ణస్థితిని పొందును. అటుతరువాత నిలుపుకొనుటయే మన పని. ఎముకకు ఆహారమెంత యవసరమో పనియు అంత యవసరము. పరుగు, దూకుడు, బరువెత్తుట మున్నగువానిచే కలుగు ఒత్తిడిని ఎముకలో ఇమిడియున్న కణములు గుర్తించి, ఎచ్చట త్రవ్వవలయునో, ఎచ్చట కట్టవలయునో నిర్ణయించును. పాలు, పెరుగు, నువ్వులు, రాగులు మన యిండ్లలో దొరకనివి కావు. నూరు గ్రాముల రాగులలో మూడు వందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియము కలదు. మగపిల్లలను మైదానమునకు పంపి, ఆడపిల్లలను పండ్రెండేండ్లకే గదిలో కూర్చుండబెట్టు ఆచారము ఇంకను కొన్ని యిండ్లలో కనబడుచున్నది. వృద్ధాప్యమున ఎముకలు గుల్లబారు భయము ఎక్కువగా నున్నది ఆ ఆడపిల్లలకే. ఎండలో ఆడుకొనుటకు వారికే ముందుగా సెలవీయవలయునని నా యభిప్రాయము.

ఈ వ్యాసము ముగించుటకు ముందు ఆ చింతచెట్టు బాలుని తలచుకొందును. వాని చేతియందు మొదట తొందరగా, మోటుగా బొడిపె కట్టబడెను. అది అప్పటికి అవసరమే. తరువాత కరగించు కణములు వచ్చి అక్కరలేనిదానిని గోకివేసి, అవసరమైనచోట కట్టువారిని నిలిపి, ఎముకను దాని రూపునకు తెచ్చినవి. ఆ పని ఎవరును మెచ్చుకొనలేదు. వాని తల్లి బొడిపె కనబడుట మానినదని మాత్రమే సంతోషించెను. రాబోవు పరీక్షలో నేను మరల అదే ప్రశ్న వేసెదను. 'శత్రువులు' అని వ్రాసినవారికి ఇకమీదట నిండు మార్కులు రావని తొమ్మిదవ తరగతివారు గమనింతురుగాక!